ఇంటిలో రేడియో, ఊరి బయట సినిమా



బనగానపల్లెనుండి యొక సోదరి మాకు లేఖ వ్రాసియున్నారు. పేరు ప్రకటింపవలదని కోరినందున ప్రకటించుటలేదు. లేఖయందలి సారాంశ మిది: "మా కోడలు పనిపాటలలో నేర్పరియే. కాని తెల్లవారినది మొదలు చెవులలో తెల్లని గొట్టములు తగిలించుకొని, సెల్‌ఫోనులో నేమో వినుచు వంట చేయును. పిలిచిన పలుకదు. తనలో తాను నవ్వుకొనును. ఒక్కొక్కప్పుడు కన్నీరు తుడుచుకొనును. ఏమి వినుచున్నదో నాకు తెలియదు. నేను పొయ్యిప్రక్కనే కూర్చున్నను ఆ యింట లేనట్లే యున్నది. ఇది నేటి పిల్లల పొగరా? లేక నేనే ముసలితనమున చాదస్తము పడుచున్నానా? మీరే చెప్పవలెను."

ఈ లేఖను మేము రెండుమారులు చదివితిమి. మేమును ఆ యూర పుట్టి పెరిగినవారమే గనుక ఆ వంటయిల్లు, ఆ పొయ్యి, ఆ ప్రక్కన కూర్చున్న పెద్దామె మా కన్నులకు గట్టినట్లయినది. వెంటనే తీర్పు చెప్పుటకు మనసొప్పలేదు. మన యిండ్లలోనికి దూరపు మాట, దూరపు పాట ఎట్లు వచ్చినవో, వానిని వినుటకు మన తల్లులును అవ్వలును ఎంత పాటుపడిరో ముందుగా జ్ఞప్తికి తెచ్చుకొందము. తరువాత కోడలి మాట విచారింపవచ్చును.

బనగానపల్లె 1948వ సంవత్సరమువరకు నవాబుల యేలుబడిలో నుండిన చిన్న సంస్థానము. తరువాత కర్నూలు జిల్లాలో చేరినది. 2022నుండి నంద్యాల జిల్లాలో నున్నది. దేశమునకు మా యూరి పేరు తెలిసినది మామిడిపండువలన. ఆ పండునకు 2017లో భౌగోళిక గుర్తింపుకూడ లభించినది. నాపరాళ్ళు పఱచిన నడవలు, మట్టి మిద్దెలు, ఒకే వీథిలో తెలుగును ఉర్దూను వినవచ్చు ఊరు మాది. శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులను గాచుచు రవ్వలకొండలో కాలజ్ఞానము వ్రాసిరని చెప్పుకొనుట గలదు. అందువలన లోకమున నే వింత పుట్టినను "స్వామి యెప్పుడో చెప్పినాడు" అనుట మా యూరివారి కలవాటు. రేడియో వచ్చినపుడును అట్లే యనిరి. సినిమా వచ్చినపుడును అట్లే యనిరి. సెల్‌ఫోనునుగూర్చియు అనియే యుందురు.

దక్షిణదేశమున రేడియో ప్రసారములు 1924లో మద్రాసులోని యొక రేడియోక్లబ్బువారి ప్రయత్నముతో మొదలైనవి. ఆ క్లబ్బు కొలదికాలమే నడచినది. పిమ్మట మద్రాసు కార్పొరేషనువారు కొంతకాలము నడపిరి. 1938వ సంవత్సరము జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము ప్రారంభమైనది. అరవముతోపాటు తెలుగు కార్యక్రమములును అందుండి వచ్చుచుండెను. న్యాయపతి రాఘవరావుగారును, వారి సతీమణి కామేశ్వరిగారును పిల్లలకు రేడియో అన్నయ్యగను రేడియో అక్కయ్యగను పరిచితులైనది ఆ కేంద్రమునందే. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినది. హైదరాబాదులో నిజాము ప్రభుత్వమువారి దక్కను రేడియో 1950లో ఆలిండియా రేడియోలో చేరినది. మా సీమకు దగ్గరగా కడపలో 1963లో కేంద్రము వచ్చినది.

ఈ వివరము లన్నియు పుస్తకములలో నుండును. పుస్తకములలో లేనిది, ఆ పెట్టె యింటిలో నెక్కడ నుండెననునది. మా యింట నది నడవలో, మగవారు కూర్చుండు చోట, గోడకు కొట్టిన బల్లపై నుండెను. దానికి పోస్టాఫీసులో ఏటేట లైసెన్సు కట్టవలసి యుండెను. ఆ లైసెన్సు తాతగారి పేర నుండెను. 1980 దశకమున ఆ లైసెన్సు పద్ధతి తొలగిపోయినది. మిద్దెపైని రెండు కఱ్ఱలకు కట్టిన ఏరియలు తీగ క్రిందికి దిగి పెట్టెలో చేరుచుండెను. అది వాల్వుల రేడియో. మీట త్రిప్పినంతనే పలుకదు. లోపలి గాజుబుడ్లు వేడెక్కువఱకు వేచియుండవలెను. పిల్లలమందఱము ఊపిరి బిగబట్టి కూర్చుండెడివారము. పెట్టెపై పరచిన అల్లిక గుడ్డ మా పిన్నమ్మ చేతిది. కాని మీట త్రిప్పు అధికారము ఆమెకు లేదు.

అప్పటి రేడియోకు పగలొక గుణము, రాత్రి యొక గుణము. పగటివేళ మీడియం వేవు ప్రసారములు నేలబారుననే వచ్చును. ఆకాశమున చాల యెత్తున నుండు గాలిపొరలలో క్రిందిపొర, ఎండవేళ ఆ తరంగములను పీల్చివేయును. సూర్యాస్తమయ మైనపిమ్మట ఆ పొర అంతరించును. అపుడు తరంగములు పైపొరను తాకి మరలి చాలదూరమున దిగును. అందువలన పగలు గరగరలాడు విజయవాడ, రాత్రి పొరుగింటినుండి పలికినట్లు వినవచ్చుచుండెను. ఈ కారణము మా కాలమున నింట నెవరికిని తెలియదు. "రాత్రి ఊరు సద్దుమణిగినది గనుక గట్టిగా వినవచ్చుచున్న" దని అవ్వ చెప్పెడిది. మేమును అదియే నమ్మితిమి.

వంటయిల్లు నడవకు వెనుక. నడుమ గోడ. ఉదయమున భక్తిరంజని మొదలగునప్పటికి అవ్వ జొన్నరొట్టెలు కొట్టుచుండును. ఒకనాడు ఆమె రొట్టె కొట్టు పలకను, పిండితట్టను నడవగోడ ప్రక్కకు జరుపుకొనెను. పొయ్యికి దూరమగునుగదా యని అమ్మ యడిగినది. "ఇక్కడ గాలి బాగున్న" దని అవ్వ యనినది. గాలి కాదని అందఱికిని తెలియును. ఆ దినము మొదలు వంటయింటి కార్యక్రమమంతయు గోడవైపు తిరిగినది. రొట్టె చప్పుడు పాటకు తాళమగుచుండెను. వార్తలు వచ్చువేళ చప్పుడు మెల్లగ నయ్యెడిది. మధ్యాహ్నము మగవారు పొలములకును అంగళ్ళకును పోయినపిమ్మట, స్త్రీల కార్యక్రమము వచ్చు సమయమునకు, ఇరుగుపొరుగు అమ్మలు నాలుగైదుగురు చేటలతో, విస్తరాకులతో, కుట్టుపనితో వచ్చి నడవలో చేరెడివారు. అధికారము లేని మీటను పిన్నమ్మయే త్రిప్పెడిది. సాయంకాలమునకు ముల్లును మరల మొదటి చోటికే తెచ్చి పెట్టెడిది.

1951 జనాభా లెక్కలలో మనదేశమున స్త్రీలు నూటికి సుమారు తొమ్మండుగురు మాత్రమే చదువను వ్రాయను నేర్చినవారు. మిగిలిన తొంబదియొక్కరికి పత్రిక యెట్లు చేరును? చెవిద్వారా చేరినది. పసిపిల్లల విరేచనములకు ఏమి చేయవలెనో, టీకాలు ఎందులకో, ఆడపిల్లకు చదువెందులకో అక్షరము రాని అమ్మలు ఆ నడవలో విని, ఇంటికి పోయి మఱియొకరికి చెప్పిరి. ఇంకొక సంగతి. ఢిల్లీనుండి తెలుగు వార్తలు చదివినవారిలో మామిళ్ళపల్లి రాజ్యలక్ష్మిగారు ఒకరు. ఆమె గొంతు వినవచ్చినపుడు నడవలోని మగవారు మాటలాపి ఒకరినొకరు ఊరకుండుడని సైగ చేసికొనెడివారు. మా యింట ఒక స్త్రీ మాటలాడుచుండగా మగవారందఱు నోరుమూసికొని విన్నది అదియే మొదటిసారి. గోడ వెనుకనుండి అవ్వ దానిని గమనించి నవ్వుకొనెడిది.

1952లో కేంద్రమంత్రి కేస్కరుగారి కాలమున ఆలిండియా రేడియోలో సినిమా పాటలకు తావు సన్నగిల్లినది. జనులు పాటల కొఱకు సిలోను రేడియోకు ముల్లు త్రిప్పిరి. ప్రతి బుధవారము రాత్రి 8 గంటలకు అమీన్ సయానీగారి గీత్‌మాలా వచ్చుచుండెను. మా యెదురింటి ముసల్మాను పెద్దమ్మ ఘోషా పాటించు వంశమునది. ఆమె యింట రేడియో లేదు. బుధవారపు రాత్రులందు మా తాతగారు పెట్టెను కొంచెము గట్టిగా పెట్టించి, వీథితలుపు తెఱచియుంచెడివారు. ఎందులకని ఎవరును అడుగలేదు. ఆయనయు చెప్పలేదు. ఎదురింటి తెఱ వెనుక దీపము ఆ గంటసేపు ఆరెడిది కాదు. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ప్రారంభమై సినిమా పాటలు మరల స్వదేశపు రేడియోలోనికి వచ్చినవి. కాని బుధవారము బుధవారముగనే యుండెను.

ఇట్టి కథ మన యూరిది మాత్రమే కాదు. అమెరికాలోని చిన్న పట్టణములందును అప్పటి గృహిణులు పగలెల్ల రేడియో వినుచు ఇల్లు చక్కబెట్టుకొనెడివారు. సబ్బుల కంపెనీలు వ్యయము భరించి నడపినందున అచ్చటి పగటి ధారావాహిక నాటకములకు సబ్బు నాటకములను పేరే వచ్చినది. వానిలో మా పెర్కిన్స్ అను నొక వితంతువు కథ 1933నుండి 1960వఱకు నడచినది. సినిమాహాళ్ళవారు గడ్డుకాలమున వారమున కొకరాత్రి టిక్కెట్టు కొన్న ఆడువారికి పింగాణి పళ్ళెము ఒక్కొక్కటి యిచ్చి, పూర్తి వరుస కూడబెట్టుకొను ఆశ చూపి రప్పించుకొనెడివారు. మన టాకీసులవారు పళ్ళెము లీయలేదు. మనవారికి సెలవు దొరకుటయే పళ్ళెముకన్న గొప్ప.

ఇక సినిమా మాట. మన తెలుగు మొదటి టాకీ భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరిలో ప్రేక్షకులకు లభించినది. అందు లీలావతి వేషము వేసిన సురభి కమలాబాయిగారు సురభి నాటక సమాజపువారు. ఆ సమాజము కడపజిల్లాలోని సురభి గ్రామమున పుట్టినది. వందేమాతరము, మల్లీశ్వరి తీసిన బి.ఎన్. రెడ్డిగారును కడపజిల్లావారే. 1939లో వచ్చిన వరవిక్రయము కట్నపు దురాచారమును ఎత్తి చూపినది. భానుమతిగారికి అది మొదటి చిత్రము. ఈ సంగతులు మా సీమవారు గర్వముతో చెప్పుకొందురు. కాని సీమలోని ఆడువారు ఆ బొమ్మలు చూచుట యంత సులభము కాలేదు.

రేడియో తానే యింటికి వచ్చినది. సినిమాకు మనము పోవలెను. గడప దాటుటకు సెలవు, డబ్బు, తోడు మూడును కావలెను. మా చిన్ననాట ఊరి బయట టూరింగు టాకీసు డేరా వేసెడివారు. ఒకటే యంత్రము గనుక చుట్ట ముగిసినప్పుడెల్ల దీపములు వెలిగెడివి. ఆ సందున శనగకాయలు, సోడాలు అమ్మెడివారు. ఆడువారి వైపునకును మగవారి వైపునకును నడుమ తెఱ కట్టి, ఆట మొదలైనపిమ్మట తొలగించెడివారు. నేల టిక్కెట్టు పావలా. ఇసుక కుప్ప చేసికొని దానిపై కూర్చున్నవారికి బొమ్మ బాగుగా కనబడును. వెనుకనున్నవారు తిట్టుదురు.

1963లో లవకుశ వచ్చినది. తెలుగున మొదటి పూర్తి రంగుల చిత్రమది. అంజలీదేవిగారు సీత. పల్లెలనుండి బండ్లు కట్టుకొని జనులు తరలిరని విని అవ్వ తానును పోవలెనని కోరెను. ఆమె అంతవఱకు సినిమా చూచియుండలేదు. వితంతువు సినిమాకు పోవుట యేమని నడవలో నొకరనిరి. అవ్వ గోడ వెనుకనుండియే కాదు, నడవలోనికి వచ్చి నిలిచి, "దేవుని కథకు పోయేదానికి గూడా సెలవు అడగల్లనా నాయనా?" యని యడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. మజ్జిగ అమ్మి కూడబెట్టిన చిల్లర మూట ఆమె కొంగుననే యుండెను. ఎవరి డబ్బును అడుగలేదు.

మేము రెండు బండ్లలో పోయితిమి. సీతను అడవిలో విడిచిన ఘట్టమున ఆడువారి వైపంతయు ఏడ్చినది. అవ్వయు ఏడ్చినది. మాకు గుర్తున్నది ఆ యేడుపు కాదు. ఆ మూడుగంటలకు పైగా ఆమె చేతులు ఒడిలో ఊరక యుండెను. పిండి లేదు, చేట లేదు, ఒత్తులు లేవు. అవ్వ చేతులు మెలకువగా నున్నవేళ పనిలేక యుండుట మేము అంతకుముందు చూడలేదు. రేడియో వినువేళ చెవి మాత్రమే ఆమెది, చేతులు ఇంటివి. ఆ రాత్రి చెవులు, కన్నులు, చేతులు అన్నియు ఆమెవియే.

ఈ కథ నిట ముగించినచో చక్కగా నుండును. కాని నిజము దాచరాదు. బండ్లు కదలునప్పుడు ఎవరో యొకరు ఇంట నిలువవలెను. పాలు పితుకవలెను, పశువులకు మేత వేయవలెను, తాతగారికి భోజనము పెట్టవలెను. ఆ యొకరు మా పిన్నమ్మ. చిన్నకోడలు గనుక ఆమె నిలిచినది. మఱునాడు చూపింతమనిరి. మఱునాడు జొన్నకోతలు వచ్చినవి. తరువాత డేరా యెత్తివేసిరి. లవకుశ పాటలు రేడియోలో వచ్చినప్పుడెల్ల పిన్నమ్మ పని ఆపి వినెడిది. అవి సుశీలగారును లీలగారును లవకుశులకు పాడిన పాటలు. బొమ్మ ఎట్లుండునని మమ్ము అడిగెడిది. మేము చిన్నపిల్లల తెలివితో చెప్పెడివారము. ఎన్నో యేండ్ల తరువాత టెలివిజనులో ఆమె ఆ చిత్రము చూచినది. అప్పటికి ఆమె కన్నులకు పొరలు వచ్చియుండెను. తెఱ దగ్గఱగా కూర్చుండి, "రంగులు బాగున్నవి గదా?" యని మమ్మే అడిగినది. బాగున్నవని చెప్పితిమి. ఆ యిరువదియేండ్లకు పైబడిన యెడమును తీర్చు మాట మాకు దొరకలేదు.

తరువాతి సంగతు లెల్లరు ఎఱిగినవే. 1977లో హైదరాబాదున దూరదర్శను కేంద్రము వెలసినది. 1987లో రామాయణము ధారావాహిక మొదలైనపిమ్మట ఆదివారపు టుదయమున టెలివిజను గల యింటికి వీథియంతయు చేరెడిది. డేరాలు పోయినవి. 2009లో విడుదలయైన అరుంధతి చిత్రమును మా యూరి నవాబుగారి బంగళాలోనే తీసినందున, ఆ బంగళాకు అరుంధతి కోట యను పేరు వచ్చినది. ఒకప్పుడు సినిమా చూచుటకు మేము బండ్లు కట్టితిమి. నేడు సినిమాలో చూచిన యింటిని కన్నులార చూచుటకు పొరుగూళ్ళవారు మా యూరికి వచ్చుచున్నారు.

ఇప్పుడు లేఖ వ్రాసిన సోదరికి మా సమాధానము.

అమ్మా! మీ కోడలిది పొగరు కాదు. మీది చాదస్తమును కాదు. మీ కోడలు రొట్టెపలకను గోడ ప్రక్కకు జరుపుకొనుచున్నది, అంతియే. మా అవ్వకు గోడ కావలసివచ్చినది, మా పిన్నమ్మకు దొంగతనముగ త్రిప్పిన మీట కావలసివచ్చినది. మీ కోడలి కవి అక్కఱలేదు. తన మీట తన చేతనే యున్నది. ఆమె చేతులు మీ యింటి పని చేయుచున్నవి. చెవులు మాత్రము తనవి. ఆ యొక్కటి ఆమెకు ఉండనిండు. మా పిన్నమ్మకు ఉండియుండిన మేము సంతోషించి యుందుము.

అయినను మీ బాధ నిజమైనదే. నాటి పెట్టె మాట ఇంటిల్లిపాదికిని ఒకటే. నవ్వు వచ్చిన నందఱు నవ్విరి. ఏడుపు వచ్చిన ఎందులకో అందఱికిని తెలియును. ఎదురింటి తెఱ వెనుకనున్న ఆమెకును అందు పాలుండెను. నేటి గొట్టములలోని మాట ఒక్కరిదే. ప్రక్కన కూర్చున్న ముసలామె వెలియగును. ఆ పిల్ల కన్నీరు తుడుచుకొనుట చూచియు ఎందులకో తెలియకుండుట మీకు కష్టము. కాని మీరు ఇంతవఱకు ఆమెను అడిగితిరా? లేఖలో ఆ మాట లేదు. పిలిచిన పలుకలేదని వ్రాసితిరి గాని, ఏమి వినుచున్నావని యడిగితినని వ్రాయలేదు. కోపము లేకుండ ఒకసారి అడిగి చూడుడు. "నాకును వినిపింపుము" అనుడు. ఆమె వినుచున్నది కథ యేమో, పాఠమేమో, పుట్టింటివారి మాటయే యేమో.

కోడలికిని ఒక మాట. అమ్మా! రోజునకొక యరగంట ఆ గొట్టములు తీసి, ఫోనును గట్టిగా పెట్టి, గూటిలో నుంచుము. ఆకాశవాణి కేంద్రముల ప్రసారములు నేడు న్యూస్ ఆన్ ఎయిర్ అను ప్రసారభారతివారి యాపులో వినవచ్చును. ఏరియలు అక్కఱలేదు, రాత్రివఱకు వేచియుండనక్కఱలేదు. మీ అత్తగారికి తెలిసిన కేంద్రమేదో అడిగి పెట్టుము. ఆమె పాత పాటలకు చెప్పు కథలు నీ చెవిగొట్టములలో దొరకవు. తక్కిన సమయమంతయు నీదే. పిలుపు వినబడుటకు ఒక చెవి విడిచిన చాలును.

ఇంటి మగవారికి ఈ పత్రికను చదివి వినిపింపుడు. వారికి మే మడుగునది యొక్కటే ప్రశ్న. ఈసారి మీ యింటిల్లిపాదియు నంద్యాలకు సినిమాకు బయలుదేరునపుడు, ఇంట నిలుచువారెవరు? ఎప్పుడును ఒకరే యైనచో, ఈమారు ఆమెను ముందుగా బండి యెక్కించి, పాలు మీరే కాచుడు. చూపు పోయినపిమ్మట రంగులు చూపించిన ప్రయోజన ముండదు.